థమ్ అన్నాకే చప్పట్లు

బ్యాండుని ముందుండి నడిపించే బ్యాండ్ మేజర్ చేతిలోని మేస్ (గుండు ఉన్న పొడవాటి కర్ర) నిటారుగా పైకి లేచిందంటే వాయింపు ముగింపుకి వచ్చిందని గుర్తు. అది చూసి బేస్ డ్రమ్ము పిల్లవాడు రెండు దెబ్బలు వరసగా, గట్టిగా వేస్తాడు. మన బడి బ్యాండులో ఉన్నప్పుడు దాన్ని 'డబుల్' అనేవాళ్లం. డబుల్ విన్నాక వాయిస్తున్న వరస పూర్తిచేసి అందరూ ఒకే దెబ్బ మీద ఆపుతారు. నడక మాత్రం ఆగదు. 'థమ్' (ఆగు) అని కేక వినిపించి, చివరి కాలు నేలని తాకాకే బ్యాండు నిలబడ్డట్టు. ఆ కాలి చప్పుడు విన్నాక మనం చప్పట్లు కొట్టాలి.

పొరపాటంతా డబుల్‌కీ థమ్‌కీ మధ్యనున్న కొద్ది సెకన్లలోనే జరుగుతుంది. డబుల్ మోగగానే గ్యాలరీ చప్పట్లు అందుకుంటుంది. ఆ హోరులో వెనక వరసకి 'థమ్' వినపడదు. ముందువాళ్లు ఆగిపోతారు, వెనకవాళ్లు ఇంకో రెండడుగులు వేసి వాళ్ల వీపులకి తగులుతారు. చూసేవాళ్లకి అది పిల్లల తప్పులాగే కనిపిస్తుంది. పోటీ అయితే మార్కులు పోయేది కూడా వాళ్లకే. జనవరి 26 పరేడ్‌కి స్టేడియంలో కూర్చున్నా, మన బడి వార్షికోత్సవానికి మైదానంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నా ఇది గుర్తుంచుకోవాలి. బ్యాండులో డ్రమ్ము మోసిన మనమే ఇప్పుడు ప్రేక్షకుల వైపు ఉన్నాం కాబట్టి ముందు మనకే తెలియాలి.

తాళం వేస్తూ వినడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. కచేరీలో తొడ మీద ఆదితాళం వేస్తాం, భజనలో చప్పట్లే వాయిద్యం. అదే ధోరణిలో బ్యాండు నడుస్తుంటే దెబ్బదెబ్బకీ చప్పట్లు కలపబోతాం. ప్రేమతో చేసే పనే, కానీ అది పిల్లల కాళ్లకి అడ్డం పడుతుంది. లెక్క చూడండి. తేజ్ చల్‌లో (వేగం నడకలో) నిమిషానికి 120 అడుగులు, అంటే అర సెకనుకో అడుగు. ఎడమ కాలు పడేచోట బేస్ డ్రమ్ము దెబ్బ పడుతుంది. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. బ్యాండుకి 42 మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకి దెబ్బ సెకనులో ఎనిమిదో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. వాళ్లు సరిగ్గా ఆ దెబ్బకే చప్పట్లు కొట్టినా, అవి పిల్లల చెవిన పడేసరికి ఇంకో ఎనిమిదో వంతు గడుస్తుంది. మొత్తం పావు సెకను. అంటే ఎడమ కాలికీ కుడి కాలికీ సరిగ్గా నడిమధ్యన మన చప్పట్లు పడతాయి. ఇంకా దూరాన ఉన్నవాళ్లవి మరోచోట, ఎదురు గ్యాలరీ గోడకి తగిలి తిరిగొచ్చేవి మరోచోట.

బ్యాండులో పిల్లలు బేస్ డ్రమ్ముని చూసి నడవరు, విని నడుస్తారు. కళ్లు ముందు వరస మీదా, పక్కవాడి భుజం మీదా ఉంటాయి. చెవిలో రెండు తాళాలు పడగానే ఎవడో ఒకడు కాలు తప్పాననుకుని కదమ్ బదల్ చేస్తాడు, అంటే నడుస్తూనే కాలు మార్చుకుంటాడు. వాడి వెనకవాడు వాణ్ణి చూసి మారుస్తాడు. పది అడుగుల్లో ఒకరి వెనక ఒకరుగా నడిచే ఫైలంతా తప్పుతుంది. తాళం వేయకుండా ఉండలేకపోతే వేళ్లతో మోకాలి మీద వేసుకోండి.

ఈలల సంగతి ఇంతకన్నా గట్టిగా చెప్పాలి. చాలా బడుల్లో బ్యాండ్ మాస్టారు పక్కన నడుస్తూ విజిల్‌తోనే సైగ ఇస్తారు: ఒక విజిల్‌కి డ్రమ్ము వరస మారుతుంది, రెండు విజిళ్లకి బ్యూగిళ్లు అందుకోవాలి, ఇలా ఒక్కో బడిది ఒక్కో పద్ధతి. గ్యాలరీలోంచి వచ్చిన ఈల మాస్టారిదో మనదో ఆరో తరగతి పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? సగంమంది బ్యూగిల్ ఎత్తుతారు, సగంమంది ఎత్తరు. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం ముందు ఈల వేసి చిందెయ్యడం ముచ్చటే, అక్కడ మేళం వాళ్లు మన ఊపుని బట్టే వాయిస్తారు. ఇక్కడ పిల్లలు నెలల తరబడి లెక్కపెట్టుకుని నేర్చిన అడుగుని బట్టి వాయిస్తారు.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ 1972లో మొదలైన డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే కవాతు బ్యాండుల పోటీల్లో ప్రదర్శన మధ్యలోనే జనం లేచి కేరింతలు కొడతారు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఎదురుగా ఎత్తైన మెట్టు మీద నిలబడ్డ డ్రమ్ మేజర్ చేతులు చూసి పిల్లలు లయ పట్టుకుంటారు కాబట్టి వాళ్లకి చెల్లుతుంది. మన బ్యాండ్ మేజర్ ముందు నడుస్తుంటాడు, వెనక వరసలకి మేస్ కొన మాత్రమే కనిపిస్తుంది.

అలాగని చివరిదాకా బిగదీసుకుని కూర్చోమని కాదు. బ్యాండు ఒకచోట నిలబడి వాయించేటప్పుడు సైడ్ డ్రమ్ములు విడిగా వాయించి ముగిస్తే చప్పట్లు కొట్టొచ్చు, కొట్టాలి కూడా. కౌంటర్‌మార్చ్‌లో మాత్రం వద్దు. అక్కడ ఒక వరస వెనక్కి తిరిగి, ఎదురొచ్చే వరసల సందుల్లోంచి నడుస్తుంది. సందు రెండు మూడడుగులే, డ్రమ్ముకి డ్రమ్ము తగలకుండా దాటాలి. ఆఖరి వరస కూడా తిరిగి వరసలు సర్దుకున్నాక ఒక్కసారి కొట్టి ఆపేయండి.

జాతీయగీతం దగ్గర ఎక్కువమంది తడబడతారు. బ్యాండు జాతీయగీతం వాయించే ముందు డ్రమ్ము రోల్ (ఎడతెగకుండా గడగడమనే డ్రమ్ము మోత) వస్తుంది. నిబంధన ప్రకారం దాని నిడివి నెమ్మది నడకలో 7 అడుగులు. మెల్లగా మొదలై, వీలైనంత గట్టిగా పెరిగి, మళ్లీ తగ్గుతుంది. తర్వాత ఒక్క దెబ్బ కాలం నిశ్శబ్దం, ఆ వెంటనే గీతం. రోల్ పెరిగినప్పుడు అది ముగింపు హంగామా అనుకుని చప్పట్లు కొట్టేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. ఆ రోల్ ఉన్నది మనల్ని లేపడానికే. మొదటి చప్పుడుకే లేచి నిలబడితే గీతం మొదలయ్యేసరికి కుర్చీల గరగర కూడా ఆగిపోతుంది. పూర్తి గీతం 52 సెకన్లు. అయ్యాక చప్పట్లు వద్దు. పరేడ్‌లో జాతీయ జెండా మన ముందు నుంచి పోతున్నా జెండా వైపు తిరిగి నిలబడాలి. అప్పుడు ఫోన్ జేబులో ఉంటే మంచిది.

ఫోన్ పట్టుకుని సున్నం గీత దాటి లోపలికి వెళ్లకండి. మలుపు దగ్గర వరస బయటి అంచున ఉన్న పిల్లవాడు పెద్ద అంగలతో చుట్టూ తిరిగి రావాలి, వాడికి ఆ జాగా కావాలి. మీ అబ్బాయి పేరు పెట్టి పిలవకండి. వాడు తల తిప్పితే వరస పోతుంది, తిప్పకపోతే మనసు లాగుతుంది. చేతిలోంచి డ్రమ్ము పుల్ల జారితే పిల్లలు ఒంగి తియ్యరు, రెండోదాంతోనే వాయిస్తూ పోతారు. అలాగే నేర్పుతారు. మనం పరుగున వెళ్లి అందిస్తే వెనక నడిచేవాళ్లు చెదురుతారు. పుల్ల అక్కడే ఉండనివ్వండి. ఆగస్టు 15 ఉక్కపోతలో ఎవరైనా సొమ్మసిల్లితే పక్కన ఉండే వలంటీర్లు చూసుకుంటారు, గ్యాలరీ మొత్తం లేవక్కర్లేదు.

బ్యాండు బయటికి నడిచేటప్పుడు కొట్టే చప్పట్లు బ్యాండ్ మేజర్ గేటు దాటగానే సన్నగిల్లుతాయి. మన బ్యాండులో తాళాలు, ట్రయాంగిల్ పట్టుకునే చిన్నపిల్లలు ఆఖరి వరసలో ఉంటారు. వాళ్లు గేటు దాటడానికి ఇంకో అర నిమిషం పడుతుంది. అప్పటిదాకా కొట్టండి.