రక్తదాతల పుస్తకం అప్పగించాను

రాజమహేంద్రవరంలో పదకొండేళ్లు ఒక రక్తదాతల బృందానికి సమన్వయకర్తగా ఉన్నాను. నిరుడు వానాకాలంలో ఒక రాత్రి, పక్షవాతం వచ్చిన మా అమ్మ నిద్ర చెడుతుందని ఫోను మోగకుండా పెట్టాను. తెల్లవారి చూస్తే ఒకే నంబరు నుంచి ఆరుసార్లు ఫోను వచ్చి ఉంది. డెంగీ సోకిన కుర్రవాడికి ప్లేట్‌లెట్లు కావాలట. వాళ్లకు వేరేచోట దొరికాయి. దొరక్కపోయి ఉంటే? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తప్పుకోవాలని ఆ ఉదయమే నిశ్చయించుకున్నాను.

నా తర్వాత ఎవరంటే అందరూ మా బృందంలోని పెద్దాయన పేరే చెప్పేవారు. నా మనసులో మాత్రం బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయి ఉంది. ఒక శిబిరంలో హిమోగ్లోబిన్ 12.5 లేదని ఒక దాతను వెనక్కి పంపారు. నెల తర్వాత ఆయనకు ఫోను చేసి, ఇప్పుడు ఒంట్లో ఎలా ఉందని అడిగింది ఆమె ఒక్కతే. రక్తం ఇవ్వలేని రోజున కూడా దాతను పలకరించేవాళ్లే ఈ పనికి తగినవాళ్లని నేను గట్టిగా నమ్ముతాను.

సమావేశంలో పేరు ప్రకటించేసి మొహమాటపెట్టడం అన్యాయమని ముందు ఆమెనే అడిగాను. రెండు రోజులు ఆలోచించుకుని వచ్చింది.

"రాత్రి ఫోన్లు ఒక్కదాన్నే చూడలేను మాస్టారూ. నలుగురం వంతులు వేసుకుంటేనే ఒప్పుకుంటాను."

"తప్పకుండా అమ్మా" అన్నాను. ఆ ఏర్పాటు నేనెప్పుడో చేసి ఉండవలసింది. ఆడపిల్ల అర్ధరాత్రి ఫోన్లు ఎలా ఎత్తుతుందని సమావేశంలో ఒకరు అడిగినప్పుడు, ఆ వంతుల పట్టికే జవాబైంది.

రాజీనామా ఉత్తరం పది నిమిషాల పని. అప్పగింతకు మూడు నెలలు పట్టింది. దాతలు నన్ను నమ్మి నంబర్లు ఇచ్చారు కాబట్టి, రెండు వందల పైచిలుకు మందికి ఫోను చేసి, వాటిని ఆమెకు ఇవ్వవచ్చా అని అడిగాను. కొందరు ఊరు మారారు, కొందరికి 65 ఏళ్లు దాటాయి, ఇద్దరు ఇన్సులిన్ మీద ఉన్నారు. వాళ్ల పేర్లు కొట్టేశాను. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజుల విరామం ఉండాలి కాబట్టి చివరిసారి ఇచ్చిన తేదీలన్నీ సరిచూశాం. పుస్తకంలో లేనివి ఇంకా ఉన్నాయి. ఫలానా ఆయన శనివారం ఉపవాసం ఉంటాడు, ఆ రోజు పిలవవద్దు. ఇంకొకాయన ఫోను ఎత్తకపోతే భార్యకు చేయాలి. ఇవన్నీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే చెప్పాను.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది నా ఫోను నంబరు. ఎన్నో ఆసుపత్రుల గోడల మీద అదే ఉంది. బృందానికి వేరే సిమ్ తీసుకుని, చోటుచోటుకూ తిరిగి కాగితాలు మార్చాం. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు తొలిరోజే బృందం పేరిట ఒక నంబరు తీసుకోండి, సొంత నంబరు ఇవ్వకండి.

అయినా మొన్న ఒక తండ్రి పాత నంబరుకే చేశాడు. తలసేమియా ఉన్న పాపకు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. కొత్త నంబరు చెప్పి ఫోను పెట్టేశాను. కనుక్కుందామని చేయి రెండుసార్లు ఫోను మీదికి వెళ్లింది, ఆగాను. మర్నాడు ఆయనే ఫోను చేసి, రక్తం ఎక్కించారని చెప్పాడు. ఎవరిచ్చారని అడిగాను. ఆయన చెప్పిన పేరు నా పుస్తకంలో లేదు.