డ్రిల్లు పీరియడు, ఆరంగుళాల మేకు

మన బడి పాత విద్యార్థుల సభకి వేస్తున్న సంచికకి మన బ్యాచ్ నుంచి ఒక్క వ్యాసం కూడా రాలేదని టపాకాయ పొద్దునా సాయంత్రం వాయిస్ మెసేజ్‌లు పెడుతోంది. "నువ్వు రాయకపోతే ఆ పేజీలో పట్టుచీరల యాడ్ వేసేస్తాం" అని బెదిరింపు కూడా. సరే, రాస్తున్నా. లెక్కల మేడం గురించి పొట్టి సింగు రాస్తాడు, ఆ హక్కు వాడిదే. ఎన్నూరు పిక్నిక్ సంగతి ఎవరూ రాయకపోతేనే అందరికీ మంచిది. ఇక నాకు మిగిలింది డ్రిల్లు మాస్టారు.

మాస్టారు మద్రాసు నందనంలోని వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలలో చదువుకున్నారు. అయినా నోరు తెరిస్తే దాని పక్కనున్న సైదాపేట గొప్పే చెప్పేవారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరం నుంచి వచ్చి వ్యాయామ శిక్షణ పొందింది అక్కడే కదా. విజయనగరం తిరిగెళ్లి తను చదివిన బళ్లోనే డ్రిల్లు మాస్టారుగా చేరాడు. సర్కసూ, ఇనుప గొలుసులు తెంచడమూ, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకోవడమూ తర్వాతి సంగతి. "ముందు డ్రిల్లు మాస్టారు, ఆ తర్వాతేరా కలియుగ భీముడు!" అని హెడ్మాస్టరు గదికి వినబడేలా అనేవారు.

మాస్టారిలా చేత్తో మేకు వంచడం నేర్పమని మేం కొందరం వెంటపడితే ఆయన మా చేతికిచ్చింది తడి గోనెసంచి. పిండమన్నారు. అటు తిప్పి, ఇటు తిప్పి, నీటిచుక్క రాలనంతవరకూ. తర్వాత ఇటుకలు. పైనుంచి వేళ్లతో పట్టుకుని గ్రౌండు చుట్టూ నడవాలి, అరచెయ్యి తగలకూడదు. తర్వాత సమ్మెట. పిడి చివర పట్టుకుని, మోచెయ్యి కదపకుండా, మణికట్టుతోనే దాన్ని ముక్కు దాకా దించి మళ్లీ లేపాలి. పొట్టి సింగు ముక్కు మీద ఆ మచ్చ ఇంకా ఉందనుకుంటా. ఫుట్‌బాల్‌ని ఛాతీ ముందు రెండు అరచేతులతో నొక్కిపట్టడం తేలిక పనని చేరినవాళ్లు దండీల కంటే దానికే ఎక్కువ మూలిగారు. మేకు సగం వంగాక రెండు చివర్లనీ దగ్గరకి నొక్కడానికి కావాల్సింది ఆ బలమే.

గొలుసు దగ్గర మాత్రం అందరం తిరగబడ్డాం. కదలని గొలుసుని లాగితే ఏమొస్తుంది సార్ అని. అప్పుడు చెప్పారు అలెగ్జాండర్ జాస్ కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యానికి ఖైదీగా చిక్కి, జైలు ఊచలనీ గొలుసులనీ లాగి లాగి బలం పెంచుకున్నవాడు, బయటపడ్డాక ఇనుప కడ్డీలు వంచి చూపించినవాడు. మాకు కథ నచ్చింది, గొలుసు నచ్చలేదు.

ఇక ఆ వార్షికోత్సవం. స్టేజీ మీద మాస్టారు, చేతులకి తోలుముక్కలు చుట్టుకుని, ఎదురుగా బల్ల మీద ఆరంగుళాల మేకు. బండోడు వాళ్ల మేనమామ సెంట్రింగ్ సైటు నుంచి 8 మిల్లీమీటర్ల టోర్ కమ్మీ (కాంక్రీటులో వేసే మెలికల ఇనుప కడ్డీ) ముక్క తెచ్చి, "సార్, ఇదీ వంచండి" అని అందించాడు. హాలంతా నిశ్శబ్దం. మాస్టారు బొటనవేలితో ఆ మెలికలు తడిమి చూసి నవ్వారు. "దీన్ని ముందే మెలిపెట్టి గట్టి చేశార్రా. ఇది నా వల్ల కాదు." మైకులోనే అన్నారు. అన్నాక మేకు తీసుకుని గడ్డం కింద పెట్టుకున్నారు. మొదటి వంపు పడేదాకా మెడ నరాలు ఉబ్బి కనిపించాయి, అక్కడి నుంచి ఎక్కడా ఆగలేదు. వంగిన మేకుని మొదటి వరసలోకి అందిస్తే పట్టుకున్న టపాకాయ "అమ్మో, కాలుతోంది!" అని వదిలేసింది.

ఆ తర్వాత ఎస్సెస్సెల్సీ, విడిపోవడం, తెలిసిందే.

ఆయన మాట డిప్లొమాలో లోహాల పాఠం దగ్గర మళ్లీ వినబడింది. చల్లగా ఉండగా మెలితిప్పిన ఇనుము గట్టిపడుతుంది. టోర్ కమ్మీ బలం అదే. మేకు కూడా వంపు దగ్గర వంగేకొద్దీ మొండికేస్తుంది. పైగా వంచడానికి కావాల్సిన బలం లావుకి ఘనం లెక్కన పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల మామూలు కమ్మీతో పోలిస్తే బండోడి ముక్కకి, లావూ మెలితిప్పిన గట్టిదనమూ కలిపి, దాదాపు నాలుగింతలు కావాలి. మాస్టారికి ఈ లెక్క రాదు. బొటనవేలికి తెలుసు, అంతే.

ఇప్పుడు అంబత్తూరు ఎస్టేట్‌లో నాకో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. జిమ్ములకి రాకులూ బార్లూ చేస్తాం, నెల్లూరు దాకా వెళ్తాయి. మా అమ్మాయి పవర్‌లిఫ్టింగ్ చేస్తుంది. నేల మీది బరువు పైకెత్తే డెడ్‌లిఫ్ట్‌లో పట్టు జారుతోందంటే గోనెసంచి తడిపి ఇచ్చాను. వాళ్ల కోచ్ మొదట నవ్వాడు, ఇప్పుడు జిమ్ములో ఓ బకెట్టూ సంచీ పెట్టాడట.

సభ రోజు మేకులు వంచే పోటీ పెడదామని గ్రూపులో ఎవరో అన్నారు. బాబూ, మనకి యాభై దాటి చాలా కాలమైంది. కండ నెలల్లో వస్తుంది, కండని ఎముకకి పట్టి ఉంచే టెండన్లు గట్టిపడటానికి చాలా టైమ్ పడుతుంది. మోచెయ్యి పట్టేస్తే భోజనాల దగ్గర గరిటె కూడా ఎత్తలేరు. అంత సరదాగా ఉంటే మా షాపు నుంచి 5 మిల్లీమీటర్ల మెత్తని కమ్మీలు కాస్త పొడుగ్గా కోయించి తెస్తాను. పొడుగున్నది తేలిగ్గా వంగుతుంది, ఫోటోలో తేడా తెలీదు.