బుష్‌లో దూరని షాఫ్ట్

“సార్, షాఫ్ట్ దూరడం లేదు!” అంటూ ఇందుకూరుపేట అమ్మాయి అప్పుడే త్రీడీ ప్రింటర్ నుంచి తీసిన బుష్‌ను, అంటే షాఫ్ట్ తిరిగే తొడుగును, నా బల్ల మీద పెట్టింది. వాళ్ల రొయ్యల చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్‌లో అరిగిపోయిన దానికి నమూనా అది.

వెర్నియర్‌తో కొలిచింది. డ్రాయింగ్‌లో రంధ్రం 25 మిల్లీమీటర్లు, చేతిలో 24.7. కరిగిన ప్లాస్టిక్ పొర మీద పొరగా పడి, చల్లారుతూ కాస్త ముడుచుకుంటుంది. రంధ్రాలు బిగుసుకునేది అందుకే. నేను నోరు తెరిచేలోపే కంప్యూటర్‌లో కొలత సవరించడం మొదలుపెట్టింది.

ఎంత సంతోషం వేసిందో! ప్రింటర్ నడపడం ఎవరైనా త్వరగానే నేర్చుకుంటారు. కొలిచి, కారణం పట్టుకుని, డ్రాయింగ్ దిద్దే పిల్లలే రేపు పరిశ్రమకు కావాలి. మన నెల్లూరు పిల్లలకు ఆ అలవాటు చదువుకునే రోజుల్లోనే అబ్బాలని నా తపన.

చెరువులో పెట్టేది మాత్రం పీఈటీజీ అనే ప్లాస్టిక్‌తో చేస్తుందట. ఈ నమూనాకు వాడిన పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది మరి. ఆ పీఈటీజీ రీలు తెప్పించాలి.