కృష్ణ ఒడ్డున కొరమీను వేట
ఆఫీసు పని మీద కొన్నాళ్లు ఉండడానికి మంచిర్యాల నుంచి కిందికి, విజయవాడకి వచ్చాను. మొదట్లో ఈ ఉక్కపోతకి బెంగ పెట్టుకున్నా గానీ ఇప్పుడు ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నా. కారణం గాలం! తెల్లారకముందే బండి తీసి ఇబ్రహీంపట్నం ఫెర్రీ వైపు వెళ్లిపోతా. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకంతో గోదావరి నీళ్లు కృష్ణలో కలిసింది అక్కడే, గోదావరి ఒడ్డున పెరిగినవాడిని కాబట్టి ఆ చోటంటే నాకు ప్రాణం.

మా వీధిలో ఉండే బాబాయ్ ఒకాయన కొరమీను పట్టడం నేర్పిస్తున్నాడు. కొరమీను గాలి పీల్చడానికి నీటిపైకి రావాల్సిందే. గుర్రపుడెక్క మధ్య ఖాళీలో చిన్న బుడగ లేచి నీళ్లు మెల్లగా కదిలాయంటే అది అక్కడున్నట్టే. రబ్బరు కప్పని దానికి కాస్త అవతల వేసి, నిజం కప్ప ఈదినట్టు ఆపి ఆపి లాగాలి. ధబ్‌మని పట్టుకోగానే గుంజెయ్యకూడదు, "ఆగు అబ్బాయ్, మింగనివ్వు" అంటాడు. ఆ టెన్షన్ కోసం ఎంత దూరమైనా రావొచ్చు.

మా తాతగారి కాలంలో అడవికి వేటకి వెళ్లేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టంతో అది పోయింది, పోవడమే మంచిదైంది. కశ్మీర్ వాగుల్లో ట్రౌట్ కోసం ఈకలతో కట్టిన ఈగని విసిరే ఫ్లై ఫిషింగ్ మాత్రం ఎప్పటికైనా చెయ్యాలి.

ఒక విషయంలో బాబాయ్ చాలా కచ్చితం. ఎర్రగా గుంపు కట్టిన పిల్లల్ని కాపలా కాసే కొరమీను జోలికి అస్సలు వెళ్లనివ్వడు, ఆ కాపలా లేకపోతే పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. నాకూ అదే న్యాయం అనిపిస్తుంది.

బెజవాడలో గాలం వేసేవాళ్లుంటే చెప్పండి, వచ్చే ఆదివారం కలుద్దాం.