మునిగిన ఊరి నవలతో సంగమేశ్వరానికి

సంగమేశ్వరం వెళ్లాలంటే నీళ్లు తగ్గేదాకా ఆగాల్సిందే. ఏడాదిలో చాలా నెలలు శ్రీశైలం డ్యాము వెనక నీళ్లలోనే ఉండే గుడి అది. ఎండలు ముదిరే వేళకు బయటపడుతుంది. అందరూ అక్కడి వేపదారు లింగాన్ని, అంటే వేపకొయ్య లింగాన్ని, చూడ్డానికి పోతారు. నేను మాత్రం సంచిలో ఒక నవల పెట్టుకుని, అందులోని మనుషులు బతికిన నేల చూద్దామని పోయాను.

కర్నూలులో పాత పుస్తకాల బండి మీద దొరికిందది. అట్ట లేదు, ముందు ఆకులూ ఊడిపోయాయి. ఎవరో సొంత డబ్బులతో చిన్న ప్రెస్సులో వేయించుకున్నట్టుంది. అచ్చుతప్పులు పేజీ పేజీకీ ఉన్నా, కృష్ణ ఒడ్డున ఉమ్మడిగా బతికిన ఒక రైతు కుటుంబం ముంపు తర్వాత ఏమైందో ఇంత నిజాయితీగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు.

శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ 1963లో శంకుస్థాపన చేశారు. నవలలో ఆ కబురు ఊరికి చేరినా ఎవరూ లెక్కచెయ్యరు. పొలాలు దున్నుతారు, పెళ్లిళ్లు చేస్తారు, కొత్త కొట్టం కూడా వేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ప్రాజెక్టు వాళ్ల మాటల్లోంచే జారిపోతుంది. 1981లో ‘ఆపరేషన్ డిమాలిషన్’ పేరుతో ఇళ్లు కూల్చి జనాన్ని పంపించేసినప్పుడు మాత్రం సర్దుకోవడానికి పూట కూడా చాలదు. ఇటు కర్నూలు, అటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లకు పట్టిన గతి అదే.

పొద్దున్నే బయల్దేరి ముందు కర్నూలు అంచునున్న జగన్నాథ గట్టు ఎక్కాను. నివృత్తి సంగమం దగ్గర ముంపులో పడ్డ రూపాల సంగమేశ్వర ఆలయాన్ని విప్పి, తెచ్చి, ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఈ గుడి కోసమే వచ్చినా ఆ గోడల ముందు నాకు గుర్తొచ్చింది నవలలోని అవ్వ. ఊరి గుడి రాళ్ల మీద కూలీలు వరస నంబర్లు వేస్తుంటే ఆమె దగ్గరికి పోయి, మా ఇంటి రాళ్లకు కూడా వేసిపొమ్మని అడుగుతుంది. ఏడుపూ శాపనార్థాలూ లేవు, అడగడమొక్కటే. ఆ పేజీ అక్కడే నిలబడి ఇంకోసారి చదివాను.

నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు దాకా బస్సు. ఆ దారంతా నష్టపరిహారం అధ్యాయాలే. కుటుంబం విడిపోయింది నీళ్లవల్ల కంటే ఆ డబ్బువల్లేనని రచయిత గట్టిగా నమ్మాడు, నన్నూ నమ్మించాడు. పెద్దన్న అందరి తరఫునా సంతకం పెట్టి వస్తాడు. తమ్ముళ్లు ఆ తర్వాత ఒక్క పండగకీ అతని గడప తొక్కరు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98వ నంబరు జీవో 1986లో వస్తుంది. ఇంటికొకటే ఉద్యోగం, ఇంట్లో అర్హులేమో ముగ్గురు. దక్కించుకున్నవాడు కాలువ మీద లష్కరు అవుతాడు. నీళ్లకింద తన చేను పోగొట్టుకున్నవాడు పరాయి చేలకు నీళ్లు వదిలే పని చేస్తుంటాడు. చివర్లో హైదరాబాదు కథ తేలిపోయింది, ఆ ప్రేమ వ్యవహారం లేకపోయినా బాగుండేది. అయినా ఈ లష్కరు అధ్యాయం కోసం దేన్నైనా క్షమించొచ్చు.

ఆత్మకూరు నుంచి కపిలేశ్వరం వైపు ఆటో. రోడ్డు అయిపోయాక నెర్రెలిచ్చిన ఒండ్రు మీద నడక. గుడి దగ్గర జనం కొబ్బరికాయలు కొడుతున్నారు. నేను దండం పెట్టుకుని నీటి అంచు వెంబడే ఇంకాస్త ముందుకు పోయాను. మొండి గోడల వరసలు, ఒండ్రులో సగం కూరుకుపోయిన రోలు, తిరగలి రాయి. ఇక్కడ వీధి ఉండేదని చెప్పడానికి అవి చాలు.

గొర్రెలు మేపుతున్న ఒక పెద్దాయన నా చేతిలో పుస్తకం చూసి ఆగాడు.

“ఏం సదువుతాండావప్పా?”

చెప్పాను. మునిగిన ఊరి కథ అనగానే కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు.

“మా ఊరి పేరుండాదా దాంట్లో?”

లేదన్నాను. రచయిత ఊరికి పేరే పెట్టలేదు. ఇళ్లు కూల్చిన రోజు గురించిన పేజీలు పైకి చదివాను. ఆయన మధ్యలో చెయ్యెత్తి ఆపాడు. “గొడ్లను ముందుగాల తోలలేదప్పా. తోలబోతే అవి కదిలితే గదా? సాయంత్రానికి మళ్లా పాత దొడ్డికే వచ్చి నిలబన్నాయి.” నవలలో లేని ముక్క అది. పేజీ అంచున పెన్సిలుతో రాసుకున్నాను.

లష్కరు దగ్గరికి వచ్చేసరికి ఆయనే అందుకున్నాడు. తమ్ముడి కొడుకు ఆ జీవో కింద అర్జీ పెట్టి, ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే వయసు దాటిపోయాడట. ఆ అధ్యాయం వాడికి చూపించాలన్నాడు. పుస్తకం ఉంచుకోమన్నాను. ఒప్పుకోలేదు. “నీకాడ ఒగటే ఉండాది గదా, జెరాక్సు తీపీ సాలు” అన్నాడు.

గొర్రెలను మనవడికి అప్పజెప్పి నాతోపాటే ఆటో ఎక్కాడు. ఆత్మకూరులో జెరాక్సు తీయించాం, లష్కరు అధ్యాయం, దానికి ముందు ఇళ్లు కూల్చిన అధ్యాయం. గొడ్ల సంగతి రాసిన పెన్సిలు గీతలు కూడా పడ్డాయా లేదా అని ఆయన కాగితాలు వెలుగులో పెట్టి చూసుకున్నాడు. పడ్డాయి.