సున్న నుంచి ఒకటి దాకానే ఎందుకు?

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు రియల్ అనాలిసిస్ చెప్తుంటే ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ఎప్పుడు చూసినా [0, 1] అంతరమే ఎందుకు తీసుకుంటరు?" లెక్క సులువవుతుందన్నది నిజమే గానీ, అసలు సంగతి అంతకన్నా లోతు.

నల్లగొండ నుంచి దేవరకొండ పోయే బస్సు తీసుకోండి. బయల్దేరినప్పుడు కాలం 0, దిగినప్పుడు 1. గణితంలో దారి అంటే ఇదే: [0, 1] నుంచి ఒక అవిచ్ఛిన్న ప్రమేయం, అంటే ప్రతి క్షణానికీ ఒక చోటు చూపిస్తూ, ఎక్కడా తెగకుండా సాగేది. కొండమల్లేపల్లి దాకా ఒక దారి, అక్కడి నుంచి దేవరకొండకు ఇంకోటి. రెంటినీ ఒక్క దారి చేయాలంటే ఒక్కోదాన్ని రెట్టింపు వేగంతో, సగం కాలంలో నడిపిస్తే చాలు. ఇది కుదరడానికి కారణం ఒక్కటే. రెండు [0, 1] ముక్కలను కొసకు కొస అతికిస్తే మళ్ళీ [0, 1]ఏ వస్తుంది.

1999లో గణితవేత్త పీటర్ ఫ్రైడ్ దీన్ని తిరగేశాడు: ఈ గుణంతోనే [0, 1]ని నిర్వచించవచ్చు. వేర్వేరు కొసలు రెండు ఉండి, తన నకళ్ళు రెండు కొసకు కొస అతికించిన దానిలోకి, కొసలు కొసలకే పోయేలా, ఒక ప్రమేయం ఉన్న ఏ సమితినైనా తీసుకోండి. దాని నుంచి [0, 1]కి, ఆ విభజన చెడకుండా, ఒకే ఒక్క ప్రమేయం ఉంటుంది.

ఒక బిందువు ప్రతిసారీ ఏ సగంలో పడుతుందో రాసుకుంటూ పోతే, [0, 1]లో దాని చోటు తెలుస్తుంది. బోర్డు మీద 1/3తో చేసి చూడండి. అది ఎడమ సగంలో ఉంది, 0 రాయండి. ఆ సగాన్ని రెట్టింపు చేస్తే 2/3 అవుతుంది. అది కుడి సగం, 1 రాయండి. కుడి సగాన్ని సాగదీస్తే మళ్ళీ 1/3. అంటే 0, 1, 0, 1... ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 అంకెలతోనే రాసే పద్ధతిలో, 1/3 అదే. నాకు ఎంతో ఇష్టమైన చోటు మాత్రం 1/2. అది ఎడమ సగానికి కొస, కుడి సగానికి మొదలు. అందుకే దాన్ని 1000... అనీ రాయొచ్చు, 0111... అనీ రాయొచ్చు. ఈ అతుకులన్నీ ఊడదీస్తే మిగిలేది కాంటర్ సమితి, అంటే ఒకదానితో ఒకటి అతుక్కోని చుక్కల గుంపు, అందులో కదలడానికి దారే ఉండదు.

వేరే రంగాల్లో [0, 1] పని వేరేవి చేస్తాయి. వస్తువులనూ వాటి మధ్య బాణాలనూ చూసే కేటగిరీ సిద్ధాంతంలో 0 నుంచి 1కి ఒక్క బాణం, వెనక్కి రావడం లేదు. సమీకరణాలతో ఆకారాలను చదివే బీజీయ జ్యామితిలో ఇంకా కష్టం. అక్కడి క్షేత్రాల్లో (కూడిక, గుణకారం, భాగహారం చేయగల సంఖ్యా వ్యవస్థల్లో) చాలావాటికి పెద్దా చిన్నా అనే క్రమమే ఉండదు, 0కీ 1కీ నడుమ అనే మాటకు అర్థం లేదు. అదే 1999లో వచ్చిన పేపర్లో గణితవేత్తలు మోరెల్, వోయెవోడ్‌స్కీ అంతరం బదులు మొత్తం సరళరేఖనే పెట్టుకున్నారు. కానీ రెండు సరళరేఖలను ఒక బిందువు దగ్గర అతికిస్తే ఒక సరళరేఖ రాదు. మన బస్సు దారుల్లా అక్కడి దారులు నేరుగా కలవవు. ఆ లోటు పూడ్చడానికి వాళ్ళకు చాలా పెద్ద యంత్రాంగమే కావలసి వచ్చింది.