లాభం పెరిగిన రోజే షేరు పడింది

నా దగ్గరున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ షేరు, లాభం పెరిగిందని ప్రకటించిన రోజే దారుణంగా పడిపోయింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తర్వాత చదివితే అర్థమైంది: చాలామంది డబ్బు పోగేసి షేర్లలో పెట్టే పెద్ద ఫండ్లు గడిచిన 3 నెలల లాభం కంటే రాబోయే ఆదాయం గురించి కంపెనీ ఇచ్చే అంచనానే ఎక్కువగా చూస్తాయట, అది కాస్త తగ్గినా అమ్మకాలు మొదలుపెడతాయి, అదీ ఒకేసారి కాదు, ధర మరీ కుప్పకూలకుండా రోజుల తరబడి కొంచెం కొంచెంగా. అందుకే మూడో రోజూ పడుతూనే ఉంది! చేతులు మారే షేర్లు తక్కువున్న కంపెనీకైతే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. నిఫ్టీ, సెన్సెక్స్ లాంటి సూచీలో ఉన్న కంపెనీల షేర్లనే కొనే ఇండెక్స్ ఫండ్ల సంగతి వేరు, ఆ సూచీలోంచి కంపెనీ పేరు పోతే వాటికి నచ్చినా నచ్చకపోయినా అమ్మాల్సిందే. ఇవన్నీ కొనకముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఇప్పుడు ఫలితాలతో పాటు వాటాదారుల వివరాలూ తెరిచి, ఏ ఫండ్ వాటా తగ్గించుకుందో చూస్తున్నాను.